తొమ్మిది నెలల బ్యాగు

మే నెలాఖర్లో స్కూలు నుంచి వాట్సాప్‌లో లిస్టు వచ్చింది. మా పెద్దోడు ఏడో తరగతికి, పాప నాలుగుకి వెళ్తున్నారు. పాఠ్యపుస్తకాలు, నోట్‌బుక్కులు ఎటూ తప్పవు. వాటి కింద బ్యాగు, షూ, సాక్సులు, బెల్టు, వాటర్ బాటిల్, లంచ్ బాక్సు, జామెట్రీ బాక్సు, పెన్సిళ్లు ఒక ప్యాకెట్టు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, కలర్లు అని వరసపెట్టి, ఆఖర్న ‘అన్నీ కొత్తవి కొని, పేరు రాసి పంపగలరు’ అని ఒక ముక్క తగిలించారు.

ఆ ‘కొత్తవి’ దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే మా పిల్లల సామానులో తొమ్మిది నెలలు దాటిన వస్తువు ఒక్క జామెట్రీ డబ్బా తప్ప ఇంకోటి లేదు. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆ మాట అంటే ఈ ఊళ్లో ఎవరికైనా విషయం అర్థమైపోతుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు వీధి చివరిదాకా వచ్చాయని ఎవరో అరిచారు. మేము టీవీ ప్లగ్గు పీకేలోపే గుమ్మం దాటి లోపలికొచ్చాయి. మేము అద్దెకుండేది కింద పోర్షను. పిల్లల్ని, మామయ్యగారిని, ఆయన మందుల సంచిని పట్టుకుని ఓనరు వాళ్ల డాబా ఎక్కాం. నాలుగు రోజులు అక్కడే. స్కూలు బ్యాగులు ఎప్పటిలాగే మంచం కిందికి నెట్టేసి ఉన్నాయి. ఆ కంగారులో అవి ఎవరికీ గుర్తు రాలేదు.

నీళ్లు తీశాక మంచం కింద దొరికినవాటిని పుస్తకాలు అనలేం. ఉబ్బిపోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి, ఇటుకల్లా ఉన్నాయి. కింద పోర్షన్ల వాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్జుకి, పరుపులకి, గ్యాస్ స్టవ్వుకి అయిపోయాయి. పిల్లల సామాను మాత్రం వన్‌టౌన్ వెళ్లి ఒక్క సాయంత్రంలో, చేతికి ఏది దొరికితే అది కొనుక్కొచ్చాం. బ్యాగులు, షూ, బాక్సులు, బాటిళ్లు, పెన్సిల్ ముక్కతో సహా.

అందుకే ఈ జూన్‌లో ఏమీ కొనేది లేదని భీష్మించుకు కూర్చున్నాను. నేను ఒక మందుల ఏజెన్సీలో బిల్లింగ్ చేస్తాను, మా ఆయనది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరి జీతాలు కలిపితే, బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బు వేసే ‘తల్లికి వందనం’ మాకు వర్తించదు. ఉన్నదంతా ఫీజుకే. మా ఆయన ‘పిల్లల దగ్గర కూడా లెక్కలేనా’ అని ఒకసారి గొణిగి ఊరుకున్నారు. పాప మాత్రం ఊరుకోలేదు. పక్కింటి అమ్మాయిది మున్సిపల్ స్కూలు. బ్యాగు, బెల్టు, షూ, నోటుపుస్తకాలు అన్నీ కిట్టులో పెట్టి స్కూల్లోనే ఇస్తారు. ‘ఆ అక్కకి గవర్నమెంటే కొత్త బ్యాగు ఇస్తుంది. నువ్వు గవర్నమెంటు కంటే పిసినారివా?’ అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

2025 జూన్ 1 కూడా ఆదివారమే వచ్చింది. హాల్లో చాప పరిచి రెండు బ్యాగులూ బోర్లించాను. మా ఆయన మామిడిపళ్లు తెస్తానని చల్లగా జారుకున్నారు.

మొదట చిన్న సామాను లెక్కపెట్టాం. పెన్సిళ్లు, పెన్సిల్ ముక్కలు కలిపి ముప్ఫై ఒకటి. రబ్బర్లు పద్నాలుగు, అందులో ఐస్‌క్రీమ్ ఆకారంలో ఉన్నవి నాలుగు. వాటితో చెరిపితే కాగితం నల్లబడడం తప్ప అక్షరం పోదు. షార్ప్‌నర్లు తొమ్మిది, చెక్కేవి మూడు. మేము సెప్టెంబరులో కొన్నది ఒక్క ప్యాకెట్టు. మిగతావన్నీ ఎక్కడివంటే పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులు. క్లాసులో నలభై మంది, ఏడాదికి నలభై పుట్టినరోజులు. ప్రతి పుట్టినరోజుకీ ఒక పెన్సిల్, ఒక రబ్బరు. నేనూ అదే చేశాను కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

వేలు పొడవు కంటే పొట్టిగా ఉన్నవి పక్కన పెట్టి, మిగతా వాటిని చెక్కి చూశాం. కొన్ని నటరాజ్ పెన్సిళ్లు పైకి పొడుగ్గా, చక్కగా ఉన్నాయి. చెక్కుతుంటే ములుకు ఊడి పడిపోతోంది. మళ్లీ చెక్కితే మళ్లీ ఊడుతోంది. ఇది పెన్సిల్ తప్పు కాదు, పాప వాటిని రోజుకి పదిసార్లు కింద పడేస్తుంది. లోపల ములుకు ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. అలాంటివి తీసేయగా పంతొమ్మిది మిగిలాయి. పెన్సిళ్లు కొట్టేశాం, రబ్బర్లు కొట్టేశాం, షార్ప్‌నర్లు కొట్టేశాం. కలర్లలో ఎరుపు, చర్మం రంగు రెండే అరిగాయి. విడిగా అమ్మే షాపులో ఆ రెండూ కొంటే సరి.

నాకు హుషారొచ్చింది. షూ మీద చూడకుండానే టిక్కు కొట్టేశాను. పెద్దోడి షూ అద్దంలా మెరుస్తున్నాయి మరి. మామయ్యగారు ప్రతి ఆదివారం పొద్దున్నే పేపర్ పరుచుకుని పాలిష్ వేస్తారు. ఎందుకైనా మంచిదని ఒకసారి తొడుక్కోమన్నాను. తొడుక్కుని నిలబడ్డాడు. బొటనవేలి దగ్గర నొక్కి చూశాను. నా వేలికి తగలాల్సిన చోట గోరు తగల్లేదు, కణుపు తగిలింది. వాడు వేళ్లు లోపలికి మడుచుకుని నిలబడ్డాడు.

సాక్సు తీయించాను. బొటనవేలి గోరు ఒక పక్క నల్లగా కమిలి ఉంది.

‘ఎప్పట్నుంచిరా?’

‘సంక్రాంతి సెలవుల తర్వాత్నుంచి.’

‘మరి చెప్పవేం?’

‘కొత్తవే కదమ్మా.’

వరదప్పుడు మేము డబ్బుల గురించి మాట్లాడుకున్న మాటలన్నీ వాడు విన్నాడని నాకప్పుడు తెలిసింది. సంక్రాంతి నుంచి వేసవి సెలవుల దాకా వేళ్లు ముడుచుకుని నడిచాడు. నేనేమో షూ మెరుపు చూసి టిక్కు కొట్టాను. మామయ్యగారు ఏమీ అనకుండా పాలిష్ డబ్బా తీసి లోపల పెట్టేశారు.

ఆ సాయంత్రమే షాపుకి వెళ్లాం. షూ ఎప్పుడూ సాయంత్రమే కొనాలని షాపతను చెప్పాడు, పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుందట. పాత షూ లోపలి మెత్తటి అట్ట బయటికి లాగి, దాని మీద వాణ్ణి నిలబెట్టాడు. వేళ్లు అట్ట దాటి బయటికి వచ్చాయి. ఈ మాత్రం పరీక్ష ఇంట్లో నేనూ చేసి ఉండొచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇప్పుడు మూడు నెలలకోసారి చేస్తున్నాను. వాడిది నాలుగో నంబరు, ఐదు బిగుతు, ఆరు కొన్నాం. పాప షూకి మాత్రం ముందు బొటనవేలంత ఖాళీ ఇంకా ఉంది. వాటి ముందుభాగం గీసుకుపోయి, తోలు లేచిపోయి, చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి. పారేయాల్సినవిగా కనిపించినవి సరిపోయాయి, సరిపోతాయనుకున్నవి పారేయాల్సి వచ్చింది.

తర్వాత బ్యాగులు. పెద్దోడిది కుడి పట్టీ పైన కుట్టు ఊడి, రెండు పోగుల మీద వేలాడుతోంది. పాపది జిప్పు. ఒక వైపు నుంచి లాగితే వెనకాల నుంచి తెరుచుకుంటోంది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగువన చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి రెండూ పట్టుకెళ్లాను. పెద్దోడి బ్యాగు అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది పాతబడి ఊడలేదమ్మా, బరువుకి ఊడింది. నువ్వు కొత్తది కొన్నా ఆర్నెల్లకి మళ్లీ నా దగ్గరికే తెస్తావు’ అన్నాడు.

ఆ మాట పట్టుకుని మా ఆయన, వాడి ఆరో తరగతి పుస్తకాలన్నీ అందులో సర్ది, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కాటా మీద పెట్టారు. ఆరు కిలోల మూడొందల గ్రాములు. ఖాళీ బ్యాగే తొమ్మిదొందల గ్రాములుంది. 2018లో కేంద్రం ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆరు, ఏడు తరగతుల పిల్లల బ్యాగు నాలుగు కిలోలు దాటకూడదు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ అయితే పిల్లవాడి బరువులో పదో వంతు అంటుంది. మావాడు ముప్ఫై ఆరు కిలోలు. అంటే మూడు కిలోల ఆరొందలు. దాదాపు రెండింతలు మోస్తున్నాడన్నమాట. ఎందుకింత అని అడిగితే, ఏ రోజు ఏది అడుగుతారో తెలియదు కాబట్టి అన్నీ వేసుకెళ్తాడట. టైమ్‌టేబుల్ బీరువా తలుపుకి అంటించి ఉంది. దాన్ని చూసేది నేను, సర్దుకునేది వాడు. ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక టైమ్‌టేబుల్ చూసి సర్దుకోవడం రూల్ చేశాను. మొదటి వారం ఇంట్లో యుద్ధమే. పుస్తకం మర్చిపోయి ఒకసారి నిలబడ్డాడు కూడా. బరువు నాలుగున్నరకి దిగింది, అంతకంటే దిగడం లేదు.

పట్టీ కింద రెక్సిన్ ముక్క వేసి నైలాన్ దారంతో కుట్టినందుకు ఆ చెప్పులు కుట్టే పెద్దాయన అరవై తీసుకున్నాడు. పాప బ్యాగుకి రన్నరు మార్చడానికి నలభై. మారుస్తూనే, ‘పళ్లు అరిగిపోయాయమ్మా, ఇది ఎన్నాళ్లో ఆగదు’ అన్నాడు. విన్నాను. విననట్టు నటించాను అంటే సరిగ్గా ఉంటుంది.

జామెట్రీ డబ్బా కథ చెబుతానుగా. అది నా పదో తరగతి నాటి కేమ్లిన్ డబ్బా. 2003లో మా నాన్న కొన్నారు. పెద్దోడు ఆరో తరగతికి వచ్చినప్పుడు వాడికిచ్చాను. వరద బురదలో ఆ బ్యాగులోంచి పనికొచ్చేట్టుగా బయటపడింది అదొక్కటే. డబ్బా కడిగాం కానీ కంపాస్ మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అప్పట్లో దాన్ని పట్టించుకునే ఓపిక లేక, ఏడాదంతా వాడు పక్కవాడి కంపాస్‌తో నెట్టుకొచ్చాడు. ఈసారి మామయ్యగారు కొబ్బరినూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున్న గరుకు కాగితంతో రుద్దితే మర కదిలింది. కోణమానిని మీద అంకెలు చెరిగిపోయాయి, అదొక్కటి పది రూపాయలు పెట్టి కొన్నాం. డొక్కు డబ్బా అని స్కూల్లో వెక్కిరిస్తారేమో అనుకున్నాను. దానికి వాళ్ల క్లాసులో ‘వరద డబ్బా’ అని పేరట. మూత లోపల బురద గీత ఇంకా ఉంది. దాన్ని తుడవనివ్వడు.

నోట్‌బుక్కుల దగ్గర మామయ్యగారు రంగంలోకి దిగారు. ఆయన రెవెన్యూ ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం అంతా పాత ఫైళ్లు కుట్టడమే. పిల్లల పాత నోటుపుస్తకాలు పదకొండింటిలో సగానికి సగం తెల్లకాగితాలే మిగిలాయి. సోషల్ నోటులో అయితే ఇరవై పేజీలు కూడా నిండలేదు. నేను వెనక నుంచి చించుతుంటే ఆపారు.

‘అలా చించకమ్మా. మధ్యలో పిన్నులున్న పుస్తకంలో వెనక కాగితం, ముందు కాగితం ఒకటే. ఇది లాగితే అది ఊడుతుంది.’

చూస్తే నిజమే. వెనకున్న తెల్లకాగితం మడత అవతల రాసిన పేజీయే. అందుకని మడత దగ్గర స్కేలు పెట్టి బ్లేడుతో కోసి, తెల్లవి వేరు చేశారు. అన్నీ ఒక దొంతిగా పేర్చి, అంచులు నేలకి తట్టి సమం చేసి, పైన రోలు పెట్టి ఒక పూట ఉంచారు. ఎడమ అంచు నుంచి అర అంగుళం లోపలికి దబ్బనంతో ఐదు చిల్లులు. మధ్య చిల్లులోంచి దారం మొదలుపెట్టి పైకి వెళ్లి, కిందికి దిగి, మళ్లీ మధ్యకే వచ్చి ముడి. ముడి వెనక వైపు పడాలట, ముందు పడితే అట్ట ఉబ్బుతుంది. మైదా ఉడికించిన బంకతో వీపుకి గుడ్డముక్క అంటించి, పాత క్యాలెండర్ అట్ట వేశారు. మూడు లావాటి రఫ్ నోట్లు వచ్చాయి. ఆయనకి డెబ్బై నాలుగేళ్లు. వరద తర్వాత ఆయన అంతసేపు ఒకచోట కూర్చుని పని చేయడం నేను చూడలేదు. ఇంత శ్రమ దేనికి, మూడు నోట్లు కొనుక్కోవచ్చు కదా అంటే కొనుక్కోవచ్చు. నేనా మాట ఆయన ముందు అనలేదు.

క్లాసు నోట్‌బుక్కుల విషయంలో మా ఆటలు సాగలేదు. అట్ట మీద స్కూలు పేరున్నవే వాడాలి, కౌంటర్లో సెట్టు మొత్తం తీసుకోవాలి. ఎదురు వీధి కుర్రాడి దగ్గర ఏడో తరగతి తెలుగు, హిందీ పుస్తకాలు సగం ధరకి దొరికాయి, అవి సెట్టులోంచి తీసేయమని అడిగాను. కుదరదన్నారు. కాగితం మీద రాసి ప్రిన్సిపల్‌కి ఇస్తే, రెండు రోజులు తిప్పి, ఆ రెండూ తగ్గించారు. లెక్కల పుస్తకం కూడా పాతది తీసుకుందామనుకున్నాను కానీ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠాలు అవే, అభ్యాసాల నంబర్లు మారిపోయాయి. హోంవర్క్ ఇచ్చినప్పుడల్లా తికమకపడతాడని వదిలేశాను. వర్క్‌బుక్కులు ఎలాగూ పాతవి పనికిరావు, జవాబులన్నీ నిండి ఉంటాయి.

మొత్తానికి పుస్తకాల సెట్లు పక్కన పెడితే, లిస్టు ప్రకారం అన్నీ కొంటే ఆరు వేలు దాటేది. మాకు రెండు వేలలోపు అయింది. వాటర్ బాటిళ్లకి మూతలో నల్లబడిన రబ్బరు రింగులు మార్చాం, అంతే. జూన్ 12న స్కూళ్లు తెరిచారు. పెద్దోడు కొత్త షూతో, కుట్టిన బ్యాగుతో వెళ్లాడు. పాప రన్నరు మార్చిన బ్యాగుతో వెళ్లింది, మొహం ముడుచుకుని.

పెన్సిళ్లు దసరా దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్లు, రబ్బర్లు, నోటుపుస్తకాల మీద జీఎస్టీ ఎత్తేశారు. ‘మనం కొనడం మానేసిన ఏడాదే వాళ్లకి తట్టింది’ అన్నారు మా ఆయన.

అన్నట్టు, ఆ జిప్పు దసరా దాకా కాదు కదా, జూన్ నెలాఖరు కూడా చూడలేదు. సాయంత్రం వాన. ఆటో దిగి నడుచుకుంటూ వస్తుంటే నడివీధిలో బ్యాగు నోరు తెరుచుకుంది. లంచ్ బాక్సు, రెండు నోట్లు బురదలో పడ్డాయి. పెద్దోడు ఏరుతుంటే పాప మాత్రం కదలకుండా, తెరుచుకున్న బ్యాగుని రెండు చేతులతో గుండెలకి అదుముకుని నిలబడిపోయిందట. ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. పెద్దగా ఏడవలేదు. నోట్లు ఆరబెట్టి ఇస్త్రీ చేస్తే పనికొచ్చాయి, కొత్తవి కొనక్కర్లేకపోయింది. ఆ మాటే పాపతో అన్నాను. ఆ క్షణంలో అనాల్సిన మాట అది కాదు.

మర్నాడు ఆఫీసు నుంచి సరాసరి బీసెంట్ రోడ్డుకి వెళ్లాం. ఏడొందల రూపాయలు. లైట్ నీలం, పక్కన బాటిల్ పెట్టుకునే వల. రంగు తనే ఎంచుకుంది. జిప్పు మాత్రం నేను పాతికసార్లు లాగి చూశాను, షాపులో అమ్మాయి నవ్వింది. ధర చీటీ వారం దాకా కత్తిరించనివ్వలేదు.

పాత బ్యాగు ఏమైందో రెండు నెలలు నాకు తెలియదు. వినాయక చవితికి పాలవెల్లి దించుదామని అటక ఎక్కితే అక్కడుంది. పాప వరద తర్వాత్నుంచీ రోజూ రాత్రి స్కూలు బ్యాగుని మంచం కింద పెట్టదు. కిటికీ చువ్వకి, తనకి అందినంత ఎత్తులో తగిలిస్తుంది. అది అలవాటేలే అనుకునేదాన్ని. పాత బ్యాగుని అన్నయ్య చేత అటక మీద పెట్టించిందట. దించి చూశాను. మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు, ఒక గౌను, పంతొమ్మిది పెన్సిళ్లలో రెండు, ఐస్‌క్రీమ్ రబ్బరు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, వాళ్ల తాతయ్య మందుల చీటీ.

‘ఇదెందుకే ఇక్కడ?’ అన్నాను.

‘మళ్లీ నీళ్లొస్తే దీన్ని దించక్కర్లేదుగా’ అంది.

జిప్పు మూసుకోవడం లేదు. మూడు పిన్నీసులు పెట్టి, మళ్లీ అక్కడే పెట్టాను.